బీరువాల్లోని సర్వేలకు ఒక వేదిక కావాలి

ఏటా వేసవిలో ఆదోని, ఎమ్మిగనూరు వీధుల్లో డిగ్రీ విద్యార్థులు రాత అట్టలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మా పాఠకులు చూసే ఉంటారు. ఇంట్లో ఎంతమంది, ఎవరెంత చదివారు, నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, అప్పు ఎంత, జబ్బు చేస్తే ఎక్కడికి వెళతారు అని అడుగుతారు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి నిర్ణయం మేరకు మొదటి సంవత్సరం ముగిసిన ప్రతి డిగ్రీ విద్యార్థీ 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. ఆ ప్రాజెక్టుకు పునాది ఒక గ్రామంలోనో వార్డులోనో జరిపే సామాజిక, ఆర్థిక సర్వే. సర్వే అయ్యాక నివేదిక రాస్తారు, దానికి స్పైరల్ బైండింగ్ చేయిస్తారు, వైవా జరుగుతుంది, మార్కులు పడతాయి. ఆ తరువాత నివేదిక కళాశాల బీరువాలోకి చేరుతుంది. మళ్లీ దానిని తెరిచేవారు ఉండరు. మరుసటి వేసవిలో మరో జట్టు అదే వీధికి వచ్చి అదే ప్రశ్నలు అడుగుతుంది. "ఫిర్ ఆయే క్యా బేటా" అని గడప మీది అవ్వ నవ్వుతుంది. ఆ నవ్వులో కొంత ఎగతాళి కూడా ఉంటుంది. నిరుడు చెప్పిన జవాబు ఏమైందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ నివేదికల్లో కొన్ని ఈ మధ్య మా చేతికి వచ్చాయి. రాసిన విద్యార్థులే తెచ్చి ఇచ్చారు. కళాశాలల పేర్లు ఇక్కడ అనవసరం. సగం పుటలు ఒకదాని నుంచి మరొకటి ఎత్తిరాసినవే. ముందుమాటలో కృతజ్ఞతలతో సహా. అయినా మిగిలిన సగంలో మమ్మల్ని ఆపి చదివించిన సంగతులు ఉన్నాయి. ఒక విద్యార్థిని తన వీధిలో ఇంటర్మీడియట్ తరువాత చదువు మానిన ఆడపిల్లల గురించి పట్టిక వేసి, దాని పక్కనే "ఫీజు వల్ల కాదు, బస్సు వల్ల" అని పెన్నుతో రాసింది. ఆ మాట నివేదిక ముగింపులో మాత్రం లేదు. అక్కడ ప్రభుత్వ పథకాలపై అవగాహన పెంచాలన్న పడికట్టు వాక్యం ఉంది. ఏది పరిశోధనో, ఏది పరీక్ష కోసం రాసినదో ఆ అమ్మాయికి తెలుసు. తెలిసినదానిని చెప్పడానికి చోటు లేదు, అంతే.

ఆ చోటు కల్పించాలని మేము కోరుతున్నాము. డిగ్రీ విద్యార్థులు తాము సేకరించిన సంగతులను తామే చదివి వినిపించే సామాజికశాస్త్ర పరిశోధన సదస్సు ఒకటి ఏటా జరగాలి. కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం కలిసి దానిని నిర్వహించాలి. ఒక మైనారిటీ హక్కుల పత్రిక సంపాదకీయానికి ఇదేమి విషయం అని కొందరు అడగవచ్చు. దాడులు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాల కోతలు ఉండగా విద్యార్థుల సదస్సు గురించి రాయడమేమిటి అనవచ్చు. మా సమాధానం గత ఇరవై ఏళ్ల మన రిజర్వేషన్ల చరిత్రలో ఉంది.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. అదే ఏడాది హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో బీసీ కమిషన్ నివేదిక ఆధారంగా మళ్లీ చట్టం చేశారు. మళ్లీ కొట్టివేత. ముస్లింలందరినీ ఒకే వెనుకబడిన వర్గంగా తీసుకోవడం, వెనుకబాటును నిర్ధారించే సర్వే సరైన పద్ధతిలో జరగకపోవడం కోర్టు ప్రధానంగా ఎత్తిచూపిన లోపాలు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ముస్లింలలోని వృత్తి సముదాయాలను విడివిడిగా గుర్తించింది. అచ్చుకట్లవారు, అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీలు, ఫకీర్లు, హజాములు, లబ్బీలు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు, ఇంకా ఇలాంటి వారిని బీసీ-ఈ కింద చేర్చి 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దానినీ కొట్టివేసింది. అప్పుడు కూడా వాదన గణాంకాల చుట్టూ, సేకరించిన పద్ధతి చుట్టూ తిరిగింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలోనే ఈనాటికీ మన పిల్లలు ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లలో చేరుతున్నారు.

మూడుసార్లూ ఓడినది మన పేదరికం కాదు. దానిని కొలిచిన తీరు. ఆదోనిలో హమాలీ పని చేసే ముస్లిం పేదవాడని న్యాయమూర్తులకు తెలియదని కాదు. అతడు ఏ సముదాయం వాడు, ఆ సముదాయంలో ఎంతమంది బడికి వెళ్లారు, పక్క సముదాయంతో పోలిస్తే ఎక్కడ నిలిచారు అనే ప్రశ్నలకు నిలబడే జవాబు కావాలి. ఆ జవాబు రాయగలిగినవారు మనలో ఎందరున్నారు? సభలకు ఉపన్యాసకులు దొరుకుతారు, కోర్టుకు న్యాయవాదులు దొరుకుతారు. ప్రశ్నావళి తయారు చేయడం, నమూనా ఎంచడం, పట్టిక చదవడం వచ్చినవారిని వెతకబోతే చేతివేళ్లకు మించరు.

పైగా గడువు ముంచుకొస్తోంది. రాబోయే జనగణనలో కులాన్ని కూడా లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. దేశంలో అత్యధిక ప్రాంతానికి 2027 మార్చి 1 ఆ గణనకు ప్రామాణిక తేదీ. తెలంగాణ 2024లో జరిపిన ఇంటింటి సర్వేలో బీసీ ముస్లింలు జనాభాలో 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం అని తేలింది. ఆ రెండు అంకెలు బయటికి రాగానే ఎంత రాజకీయ చర్చ నడిచిందో అందరూ చూశారు. మన రాష్ట్రంలో గణకుడు గడప తొక్కి "మీ కులం?" అని అడిగినప్పుడు ఎమ్మిగనూరులోని దూదేకుల కుటుంబం ఏమని చెబుతుంది? దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అన్న పేర్లన్నీ ఒకే పద్దు కింద బీసీ-బీలో ఉన్నాయి. మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. షేక్‌లు బీసీ-ఈ. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు ఏదీ లేదు. ఒకే మసీదు వరుసలో భుజం భుజం కలిపి నిలిచినవారు రెవెన్యూ కార్యాలయం కిటికీ దగ్గర నాలుగు వరుసలవుతారు.

ఇక్కడ మన పెద్దలతో కొంత పేచీ పెట్టుకోక తప్పదు. ఇస్లాంలో కులం లేదు, కనుక ఆ ప్రశ్నే వద్దు అని వారు అంటారు. ధర్మం విషయంలో వారి మాట నిజం. పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో వారికీ తెలుసు. 1973లోనే ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో ముస్లింలలోని కులం, సామాజిక అంతరాలపై గ్రంథం వచ్చింది. అర్ధశతాబ్దం దాటినా ఆదోని గల్లీలలోని దూదేకుల, ఖురేషీ, ఫకీరు కుటుంబాల మీద తెలుగులో చదవదగిన చిన్న అధ్యయనం ఒక్కటి మాకు తారసపడలేదు. లోపల ఉన్న అంతరాన్ని దాచిపెట్టడం వల్ల ఐక్యత పెరగలేదు. కింద ఉన్నవారి కష్టం మాత్రం లెక్కలోకి రాకుండా పోయింది.

ఆదోని గురించి మనం గర్వంగా చెప్పుకునే సంగతులు చాలా ఉన్నాయి. బీజాపూరు సుల్తానుల కాలంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, బసాలత్ జంగ్ జాగీరు, టిప్పు ముట్టడి ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ మసీదు రాతిపని గురించి ఎవరైనా అరగంట మాట్లాడగలరు. దాని వెనుక సందుల్లో ఇప్పుడు ఉంటున్నవారి గురించి అయిదు నిమిషాలు మాట్లాడగలిగేది ఎవరు? ఒకప్పుడు రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు ఇది. పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు దాని ప్రాణం. పత్తి ఊరిలో దూది ఏకే వృత్తి ఏమైంది? విల్లు, దారు పక్కన పెట్టి పరుపుల దుకాణం తెరిచినవారు ఎందరు, ఆటో హ్యాండిల్ పట్టినవారు ఎందరు, జిన్నింగ్ మిల్లులో రోజుకూలికి చేరిన ఆడవారు ఎందరు, ఆ దూదిపొడి పీల్చి దగ్గుతున్నవారు ఎందరు? డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి నెల రోజుల్లో చేయగల పని ఇది. సైకిల్ మీద తిరిగి చేయవచ్చు.

దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు కథ వేరు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ ఊరి ముఖచిత్రాన్నే మార్చింది. సహకార ఉద్యమం గురించి రాసినవారు దానిని మరవరు. ఆ సంఘం ఎదిగిన కాలంలో ముస్లిం కుటుంబాలకు అందులో ఏ పాలు దక్కింది, మగ్గాలు తగ్గిన తరువాత ఏ కుటుంబం ఏ పనికి మళ్లింది అన్నది పరిశోధించదగిన విషయం. ఇవి పోను చుట్టుపక్కల కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద పల్లెలు. వానలు తప్పిన ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు కట్టడాలకు సుగ్గి బాట పడతారు. పత్రికలు ఏటా ఆ తాళాల ఫోటో వేస్తాయి. ఆ బాటలో ముస్లిం కుటుంబాలు ఎన్ని, వారి పిల్లల బడి ఏమవుతోంది, రంజాన్ నెలలో మిరప చేలో ఉపవాసం ఎలా గడుస్తుంది అని అడిగినవారిని మేము చూడలేదు. 2011 జనగణనలో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతానికి అందలేదు. జిల్లాలో పశ్చిమ మండలాలు అందరికంటే వెనుక.

ఈ పనికి మన ఆడపిల్లలకు ఉన్న అర్హత మరెవరికీ లేదని మేము గట్టిగా నమ్ముతున్నాము. ప్రభుత్వ సర్వేకు వచ్చే ఉద్యోగి గడప దగ్గరే ఆగుతాడు. బయట కూర్చున్న మగవాడు ఇంట్లోని ఆడవారి తరఫున కూడా జవాబు చెబుతాడు. "పని ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అని రాయిస్తాడు. ఆమె లోపల కుట్టుమిషన్ మీద గంటకు ఎన్ని జాకెట్లు కుడుతోందో, జరీ పనికి ఎంత ఇస్తున్నారో, ఆ డబ్బు ఎవరి చేతికి పోతోందో ఆ కాగితంలోకి రాదు. అదే వీధికి చెందిన డిగ్రీ విద్యార్థిని తెర తీసుకుని నేరుగా వంటింట్లోకి వెళుతుంది. "ఖాలా, అప్పా" అని పిలిచి చాప మీద కూర్చుంటుంది. దక్కనీలో అడుగుతుంది, దక్కనీలో జవాబు వస్తుంది. అంత విలువైన ప్రవేశం విశ్వవిద్యాలయ ఆచార్యులకు కూడా దొరకదు. ఆ అమ్మాయిని సర్వేకు పంపడానికి వెనుకాడే తండ్రులు ఈ సంగతి ఆలోచించాలి. ఆమె కర్నూలుకు వెళ్లి వేదికనెక్కి మాట్లాడే రోజున ఆ వేదిక కింద కూర్చోవడానికి వారు కూడా వెళ్లాలి.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆదోని 1953 అక్టోబరు దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు, చుట్టాలతో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో సామాన్యం. అలాంటి ఇంటిలో విన్న మాటను డిగ్రీ విద్యార్థి ఆంగ్లంలో రాయాలి. మన డిగ్రీ కళాశాలల్లో బోధన ఆంగ్ల మాధ్యమంలోకి మారింది కదా. తనకు పట్టుబడని భాషలో రాయమంటే ఎత్తిరాయక ఏం చేస్తాడు? ఎత్తిరాతను విద్యార్థుల సోమరితనంగా చూడడం తేలిక. మేము దానిలో సగం తప్పు భాషదే అంటాము. సదస్సులో పత్రాలను తెలుగులో, ఉర్దూలో సమర్పించే వీలుండాలి. ఉర్దూ విశ్వవిద్యాలయం భాగస్వామి కావాలనడానికి మొదటి కారణం ఇదే. ఉర్దూకు కర్నూలులో విశ్వవిద్యాలయం వచ్చి దాదాపు పదేళ్లయింది. అది ఆదోని గల్లీ వైపు చూడడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది?

సర్వే అనే మాటకు మన వాడల్లో మరో అర్థం ఉందని మరచిపోకూడదు. 2019 చివర, 2020 ఆరంభంలో పౌరసత్వ చట్టం, జాతీయ జనాభా రిజిస్టరు భయం ఊరూరా వ్యాపించినప్పుడు కాగితం పట్టుకుని వచ్చిన ప్రతివారినీ జనం అనుమానంగా చూశారు. చివరకు ఆ రిజిస్టరు పనిని నిలిపివేయాలని 2020 మార్చిలో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ భయం పూర్తిగా పోలేదు, పోవడానికి కారణాలూ లేవు. కనుక విద్యార్థులు ఆధార్ సంఖ్య అడగకూడదు, రేషన్ కార్డు ఫోటో తీయకూడదు, ఇంటి యజమాని పేరు నివేదికలో రాయకూడదు. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి. వద్దన్న ఇంటి నుంచి నవ్వుతూ వెనుదిరగాలి. సేకరించిన కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయో రాసి ఇవ్వాలి. ఇవి పెద్ద పరిశోధన సంస్థలు పాటించే నియమాలే. డిగ్రీ విద్యార్థులకు మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

ఒక అణగారిన సమాజం తన సామాజికశాస్త్రాన్ని తానే రాసుకున్న ఉదాహరణ చరిత్రలో ఉంది. అమెరికాలో నల్లజాతి విద్యార్థుల కోసం నడిచిన అట్లాంటా విశ్వవిద్యాలయం 1896 నుంచి ఏటా ఒక పరిశోధన సదస్సు జరిపింది. మొదటి ఏడాది విషయం నగరాల్లో నల్లవారి మరణాలు. 1897లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అక్కడ అధ్యాపకుడిగా చేరి ఆ సదస్సులకు శాస్త్రీయ రూపం ఇచ్చాడు. వ్యాపారం, కళాశాల చదువు, కుటుంబం అంటూ ఏడాదికో అంశం తీసుకున్నారు. ఊరూరా సమాచారం సేకరించినది ఎక్కువగా నల్లజాతి కళాశాలల్లో చదివి బయటికి వచ్చినవారే. చేతిలో డబ్బు చాలా తక్కువ. అయినా తెల్లవారి విశ్వవిద్యాలయాలు నల్లవారి గురించి ఊహలు రాస్తున్న కాలంలో వీరు అంకెలు అచ్చువేశారు. అమెరికాలోనే 1987లో డిగ్రీ విద్యార్థుల పరిశోధనలకు ప్రత్యేకంగా ఒక జాతీయ సదస్సు మొదలై ఇప్పటికీ నడుస్తోంది. బ్రిటన్‌లో 2011 నుంచి అలాంటిదే జరుగుతోంది. అంత దూరం ఎందుకు, మన హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథం వెనుక ఉస్మానియా విశ్వవిద్యాలయపు బృందం శ్రమ ఉంది. పల్లెను చూడడం తెలిసిన తెలుగునాడు మనది. మధ్యలో ఎక్కడో ఆ అలవాటు తప్పింది.

ఇలాంటి సదస్సు మీద మాకు భ్రమలు లేవు. పద్దెనిమిదేళ్ల విద్యార్థి అరవై ఇళ్లు తిరిగి రాసిన పత్రం ఏ కోర్టులోనూ సాక్ష్యం కాదు. పది పత్రాల్లో ఏడు సాధారణంగానే ఉంటాయి. కానీ ఎలా అడగాలో, ఎక్కడ పొరబడ్డామో ఆ వయసులో నేర్చుకున్నవారిలోంచే రేపు గణాంకశాఖకు, బీసీ కమిషన్‌కు, విశ్వవిద్యాలయాలకు పనికివచ్చేవారు వస్తారు. ఇతర దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022–23 నుంచి నిలిపివేస్తున్నట్లు కేంద్రం 2022 డిసెంబరులో పార్లమెంటుకు చెప్పింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల మైనారిటీ పిల్లలకు ఉపకార వేతనాలు ఆపినదీ అప్పుడే. 2020–21 ఉన్నత విద్యా సర్వేలో దేశవ్యాప్తంగా ముస్లిం విద్యార్థుల సంఖ్య అంతకు ముందు ఏడాది 21 లక్షలు ఉండగా 19 లక్షల చిల్లరకు పడిపోయింది. మొత్తం విద్యార్థుల్లో వారి వాటా 4.6 శాతం. ఇంత తక్కువ మంది కళాశాల గుమ్మం దాటుతున్నప్పుడు, దాటినవారి రెండు నెలల శ్రమను బీరువాకు వదిలేయడం తెలివైన పని కాదు.

మరొక భయం మాకు ఉంది. విశ్వవిద్యాలయ సదస్సులంటే శాలువాలు, జ్ఞాపికలు, మంత్రిగారి కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూపు, ఆపై పావుగంటలో పన్నెండు పత్రాలు. విద్యార్థి నోరు తెరిచేసరికి భోజనాల గంట కొడతారు. అందుకే సదస్సు విశ్వవిద్యాలయానిదైనా ఒక రోజు ఆదోనిలోనే జరగాలంటాము. ఇక్కడి నుంచి కర్నూలు వంద కిలోమీటర్ల దారి. సర్వేకు జవాబు చెప్పిన ఖాలా అంత దూరం రాదు. ఆదోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల లాంటి చోట పెడితే నడిచి వస్తుంది. తన వీధి గురించి వేదిక మీద చెబుతున్నది తప్పైతే లేచి "అట్లా కాదు బేటీ" అంటుంది. పత్రానికి అంతకు మించిన పరీక్షకుడు లేడు. మునిసిపల్ కమిషనరు, మైనారిటీ సంక్షేమ అధికారి మొదటి వరుసలో కూర్చుని వినాలి, మాట్లాడవలసిన పని లేదు. ముస్లిం విద్యార్థులకే పరిమితం చేయమని కూడా మేము అడగడం లేదు. బోయ, మాదిగ, కురువ విద్యార్థులు తమ వాడల గురించి రాసినది వినకుండా మన వాడ సంగతి మనకు పూర్తిగా అర్థం కాదు. సుగ్గికి వెళ్లే లారీలో అందరూ కలిసే ఎక్కుతారు.

రెండు విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు ఈ సంచిక ప్రతులను లేఖతో పాటు పంపుతున్నాము. మా వంతు పని కూడా చెప్పాలి. వచ్చే వేసవి ప్రాజెక్టుల్లో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ముస్లిం వాడలపై తెలుగులో రాసిన మంచి నివేదికలకు ఈ పత్రికలో నెలకు నాలుగు పుటలు కేటాయిస్తాము. జవాబిచ్చినవారి పేర్లు లేకుండా, రాసిన విద్యార్థి పేరుతో అచ్చవుతాయి. అచ్చైన సంచిక ప్రతులు సర్వే జరిగిన వీధికి కూడా చేరాలి. వాటిని అక్కడి మసీదు కమిటీకి, అంగన్‌వాడీకి ఇచ్చి చదివి వినిపించే బాధ్యత ఆ విద్యార్థిదే. ప్రశ్నావళి తయారీలో సాయపడగల సామాజికశాస్త్ర అధ్యాపకులు, విశ్రాంత ఉపాధ్యాయులు మాకు ఉత్తరం రాయండి. "ఫీజు వల్ల కాదు, బస్సు వల్ల" అని పెన్నుతో రాసిన ఆ అమ్మాయికి మేము ఇప్పటికే ఉత్తరం రాశాము. ఏ బస్సు, ఎన్ని గంటలకు, ఏ స్టాపులో ఆగడం లేదు అన్నది కనుక్కుని రాయమన్నాము.